వెనక చక్రం కప్ప నుంచి యు-లాక్ దాకా

మన ఊళ్లలో సైకిలు తాళమంటే వెనక చక్రానికి బిగించిన ఇనప కప్పే. మీట నొక్కితే టక్కుమని కడ్డీ ఊచల మధ్యకు దూరేది. తాళంచెవి మొలతాడుకో జంధ్యానికో వేలాడేది. నిజానికి దొంగ దాన్ని విరగ్గొట్టనక్కర్లేదు, వెనక భాగం ఎత్తి ముందు చక్రం మీద నడిపించుకుపోవచ్చు. అయినా అన్నేళ్లు చెల్లిందంటే ఆ ఘనత సినిమా హాలు స్టాండులో టోకెనిచ్చే మనిషిది, ఏ సైకిలు ఎవరిదో ఎరిగిన వీధిది.

ఆ కాపలా లేని నగరంలో ఏమవుతుందో 1948లో ఇటలీ దర్శకుడు డి సికా ‘బైసికిల్ థీవ్స్’ సినిమాలో చూపించాడు. పోస్టర్లు అంటించేవాడు నిచ్చెనెక్కాడు, గోడకు ఆనించిన సైకిలు మాయమైంది.

1965లో ఆమ్‌స్టర్‌డామ్ కుర్రాళ్లు కొందరు, ప్రోవోలు, అసలు తాళమే వద్దన్నారు. తెల్లరంగు పూసిన సైకిళ్లను ఎవరైనా వాడుకోమని వీధిలో వదిలారు. తాళం వేయకపోవడం చట్టవిరుద్ధమంటూ పోలీసులు వాటిని పట్టుకుపోయారు. కుర్రాళ్లు ఈసారి నంబరు తాళాలు తగిలించి, ఆ నంబర్లను సైకిళ్ల మీదే రాసిపెట్టారు! ఇంతకన్నా అందమైన జవాబు తాళాల చరిత్రలో నాకు కనిపించలేదు.

అమెరికా దారి వేరు. అక్కడ గొలుసులను పెద్ద కత్తెర్లతో పుటుక్కున తెంచేస్తుంటే, మైకేల్ జేన్ క్రిప్టొనైట్ పేరుతో యు ఆకారపు ఉక్కు తాళాన్ని, అంటే యు-లాక్‌ను, అమ్మకానికి తెచ్చాడు. 1972లో న్యూయార్క్‌ గ్రీనిచ్ విలేజ్‌లో ఒక సైకిలును దానితో స్తంభానికి బిగించి నెలరోజులు వదిలారు. విప్పగలిగిన భాగాలన్నీ దొంగలు ఊడబీక్కుపోయారు. తాళమూ అది పట్టుకున్నదీ మాత్రం మిగిలాయి. ప్రకటనకు పనికొచ్చిన ఈ కథలో కొనేవాళ్లు చూడాల్సింది మిగిలిన సగం: తాళం కాపాడేది తను చుట్టుకున్నదాన్నే. అమెరికన్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ చెప్పిన కిటుకూ ఇక్కడిదే. చిన్న యు-లాక్‌ను ఫ్రేమ్ వెనక త్రికోణం లోపలినుంచి చక్రం రిమ్ముకు వేసి స్తంభానికి బిగిస్తే, ఒక్క దెబ్బకు చక్రమూ ఫ్రేమూ చిక్కుకుంటాయి. ఆ రిమ్ము త్రికోణంలోంచి బయటికి రాదు. తాళం ఎంత చిన్నదైతే లోపల గునపం దూర్చి పెకలించడానికి అంత చోటు తక్కువ.

2004లో ఆ పేరుమోసిన తాళమే బాల్‌పెన్ను గొట్టానికి లొంగింది. గుండ్రటి తాళంచెవి రంధ్రంలో గొట్టం నొక్కి తిప్పితే చాలు. కంపెనీ పాత తాళాలు తీసుకుని కొత్తవి ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పుడు బ్యాటరీతో నడిచే గ్రైండరు సంచిలో ఇమిడిపోతోంది, గట్టి ఉక్కు కూడా నిమిషాల లెక్కే. గ్రైండరు చక్రాన్నే అరగదీసే పూతలతో తాళాలు వచ్చాయి గాని, వాటి ధరకు మనదగ్గర మంచి సైకిలే కొనొచ్చు.

మా అపార్ట్‌మెంటులో గేర్ల సైకిళ్లకు చిటికెనవేలంత కేబుల్ చుట్టి వదిలేస్తున్నారు. పోతే దొంగ దొరికినా, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం, దొంగసొత్తు విలువ 5000 రూపాయల లోపు ఉండి, తొలిసారి దోషిగా తేలినవాడు దాన్ని తిరిగిచ్చేస్తే సమాజసేవే శిక్ష. మా నాన్నగారి పాత సైకిలు, కప్పతో సహా, ఆ గీతకు దిగువనే.