కణభాగాలు: పరిశోధన చరిత్ర, నడిగడ్డ పత్తి

ప్రాణులన్నీ కణాలతో ఏర్పడినవే. మొక్క కణంలోనూ జంతు కణంలోనూ ప్లాస్మా పొర, కణద్రవ్యం, కేంద్రకం, మైటోకాండ్రియా ఉంటాయి. మొక్క కణానికి అదనంగా సెల్యులోజ్ కవచం, పెద్ద రిక్తిక, పచ్చని భాగాల్లో హరితరేణువులు ఉంటాయి.

1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసినవి ఖాళీ గదులు. లోపలి జీవం పోయి కవచాలే మిగిలాయి. ఆ కవచం సత్తా తెలియాలంటే జోగులాంబ గద్వాల జిల్లా మానవపాడు వైపు, కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో పండే పత్తిని చూడాలి. గింజ మీది ఒక్కో పోగూ ఒక్కో కణం. పువ్వు విచ్చే రోజున గింజ పైపొరలోని కొన్ని కణాలు బయటికి పొడుచుకొస్తాయి. రిక్తికలో నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ సుమారు మూడు వారాలు సాగి, మూడు సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. ఆపైన కవచం లోపలివైపు సెల్యులోజ్ పేరుకుంటుంది. కాయ పగిలేసరికి కణద్రవ్యం ఎండి, పోగు చదునై మెలితిరుగుతుంది. ఆ మెలికలే పోగులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచి నూలు వడకనిస్తాయి.

1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ కణాల్లో కేంద్రకాన్ని గుర్తించి పేరు పెట్టాడు. మొక్కలు కణమయమని 1838లో ష్లైడెన్, జంతువులూ అంతేనని 1839లో ష్వాన్ చెప్పారు. కేంద్రకం పని నడిగడ్డలో సంకర విత్తనం కోసం పెంచే సీడ్ పత్తి చేలల్లో పూత కాలమంతా రోజూ కనబడేదే. సాయంత్రం ఆడ మొక్క మొగ్గలో పుప్పొడి తిత్తులు తీసేసి, మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు పుప్పొడి అద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. పుప్పొడి నుంచి కేంద్రకంలోని జన్యువులు వస్తాయి. మైటోకాండ్రియా, హరితరేణువులు తల్లి మొక్కవే.

మైటోకాండ్రియాకు ఆ పేరు 1898లో బెండా పెట్టాడు. గాల్జీ తన పేరుతో నిలిచిన భాగాన్ని వర్ణించిందీ ఆ ఏడే. మైటోకాండ్రియాలో తయారై కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును 1929లో జర్మనీలో లోమాన్, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. మైటోకాండ్రియా పాఠం చెప్పే ప్రతి తెలుగు ఉపాధ్యాయుడూ తప్పక తలచుకోవలసిన పేరిది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక రైబోసోములు బయటపడ్డాయి. లైసోజోములను 1955లో డి డ్యూవ్ ప్రకటించాడు. కణభాగాల పరిశోధనకు క్లాడ్, డి డ్యూవ్, పలాడేలకు 1974లో నోబెల్ వచ్చింది. 1977లో హైదరాబాదులో పుష్పమిత్ర భార్గవ సారథ్యాన కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) మొదలైంది.

మళ్ళీ పత్తి చేనుకొస్తే, దేశంలో 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలో, కేంద్రకంలో చేర్చిన బాక్టీరియా జన్యువు ప్రకారం రైబోసోములు ఒక ప్రోటీన్ తయారుచేస్తాయి. అది కాయతొలుచు పురుగు పేగు కణాల పొరకు రంధ్రాలు పెడుతుంది. జంతు కణానికి కవచం లేదు కనుక నీరు చొరబడి అది ఉబ్బి పగులుతుంది. గులాబీ రంగు పురుగు మాత్రం ఆ ప్రోటీన్ అతుక్కునే అణువు మారిపోయి తట్టుకుంటోంది. అందుకే బీటీ వేసినా చేలో లింగాకర్షక బుట్టలు పెట్టి పురుగును కనిపెడుతూ ఉండాలి.