లెక్క అప్పగించే సేవ: కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల చరిత్ర వెలుగులో ఒక డిగ్రీ పాఠ్యప్రణాళిక

ఉపోద్ఘాతం

సుమారు ఇరవై అయిదు సంవత్సరాల క్రితం నేను కరీంనగర్ జిల్లాలోని ఒక గ్రామ సంఘంలో కాపరిగా ఉన్నాను. ఆ రోజుల్లో అక్కడి పిల్లల వసతిగృహానికి విదేశాల నుండి వచ్చే సహాయం ఆగిపోయింది. వసతిగృహం మూసివేస్తున్నామని చెప్పడానికి తల్లిదండ్రులను పిలిచాము. ఒక తల్లి లేచి, "అయ్యగారూ, ఇన్నేండ్లు ఎన్ని పైసలు వచ్చినయ్? ఏడ ఖర్చయినయ్? ముందుగాల చెప్తే మేం సుత ఇంత బియ్యమన్న తెస్తుంటిమి గద!" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. డబ్బు దుర్వినియోగం కాలేదు. లెక్కలు ఏటేటా దాతలకు వెళ్ళేవి. కాని ఆ తల్లికి ఎన్నడూ ఎవరూ లెక్క చెప్పలేదు. చెప్పాలని మాకు తోచనూ లేదు. బి.డి. చదివిన నాకు గ్రీకు క్రియల రూపాలు తెలుసు గాని ఒక సేవాసంస్థను నడపడమూ, అవసరమైనప్పుడు గౌరవంగా ముగించడమూ తెలియవు.

దాతృత్వం, స్వచ్ఛంద సంస్థల నిర్వహణ అనే విషయాలను డిగ్రీ స్థాయిలో బోధించాలనే ఆలోచన నేడు మన కళాశాలల్లోనూ వినబడుతోంది. ఆ పాఠ్యప్రణాళిక ఎక్కడ మొదలు కావాలి? ఇచ్చేవారి చరిత్రతోనా, పుచ్చుకొన్నవారి చరిత్రతోనా? ఈ రెండు జిల్లాల అనుభవాన్ని పరిశీలిస్తే పుచ్చుకొన్నవారితోనే మొదలు కావాలని తేలుతుందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. కరీంనగర్, ఆదిలాబాద్ అని ఇక్కడ చెప్పేది 2016 జిల్లాల పునర్విభజనకు ముందున్న పాత జిల్లాలను గూర్చి అని పాఠకులు గమనించాలి.

1. సంఘంలో రెండు రకాల ఇవ్వడం

పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలలో వెస్లియన్ మెథడిస్టు మిషనరీల పని సికింద్రాబాదు నుండి కరీంనగర్ ప్రాంతానికి విస్తరించింది. పాఠశాల, ఆసుపత్రి, వసతిగృహం ఈ పనిలో భాగాలయ్యాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 1978లో కరీంనగర్ ప్రత్యేక డయాసిస్ అయింది. అంటరానివారని ఊరి చివరకు నెట్టివేయబడిన కుటుంబాల పిల్లలు ఆ బడుల వల్ల చదువుకొన్నారన్నది మరువరాని సత్యం. అయితే ఏ ఊరిలో బడి పెట్టాలి, ఏ బడి మూయాలి అనే నిర్ణయాలు ఎక్కువగా దూరంగా ఉన్న సమావేశాలలో జరిగేవి. డబ్బు ఎటు నుండి వచ్చిందో లెక్క కూడా అటే వెళ్ళేది.

దీని ప్రక్కనే మరొక సంప్రదాయం ఉంది. పొరుగున ఉన్న దోర్నకల్‌కు 1912లో బిషప్పుగా అభిషిక్తులైన వి.ఎస్. అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. అంతకుముందు 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీని, 1905లో నేషనల్ మిషనెరీ సొసైటీని స్థాపించిన వారిలో ఆయన ఒకరు. భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతులతో పని జరగాలన్నది ఆ రెండు సంస్థల ఆశయం. పేద సంఘం కూడా ఇవ్వగలదని, ఇవ్వాలని ఆయన పట్టుబట్టారు. క్రైస్తవ దానాన్ని గూర్చి ఒక చిన్న పుస్తకమే వ్రాశారు. మన తెలుగు సంఘాలలో "పిడికెడు బియ్యం" అని పిలిచే ఆచారం ఈ భావానికి మంచి ఉదాహరణ. పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం వేరే కుండలో వేస్తుంది. వారం చివర ఆ బియ్యం గుడికి చేరుతుంది. కూలి చేసుకొనే స్త్రీ ఇక్కడ పుచ్చుకొనే మనిషి మాత్రమే కాదు, దాత కూడా. ఎన్ని మానికలు వచ్చాయో సంఘమంతటికీ తెలుసు గనుక లెక్క దాచడానికి చోటు తక్కువ.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రు నిర్లక్ష్యం చేయబడుతున్నారని గ్రీకు భాష మాటలాడే యూదులు సణిగారు. అపొస్తలులు ఆ సణుగుడును అణచివేయలేదు. ఎన్నిక చేసే పనిని శిష్యుల సమూహానికే అప్పగించారు. ఎన్నుకోబడిన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వారి చేతికే పంపిణీ బాధ్యత వెళ్ళిందని దీని నుండి గ్రహించవచ్చు. సేవాసంస్థల నిర్వహణకు ఇంతకంటె మంచి మొదటి పాఠం నాకు కనబడలేదు.

2. మార్లవాయి, 1943

ఆదిలాబాద్ జిల్లాలో ఈ పాఠం ప్రభుత్వం ద్వారా, చాలా బాధాకరమైన సంఘటన తరువాత వచ్చింది. భూములు పోగొట్టుకొని, అటవీ శాఖ ఒత్తిడికి నలిగిన గోండుల పక్షాన పోరాడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్ వద్ద ప్రాణాలర్పించాడు. ఆ తిరుగుబాటుకు కారణాలేమిటో పరిశీలించే పనిని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్‌కు అప్పగించింది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయి గ్రామంలో నివసించారు. 1943లో గోండు విద్యా పథకం, దాని ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం అక్కడే మొదలయ్యాయి.

మన విషయానికి ఈ పథకంలో మూడు సంగతులు ముఖ్యం. మొదటిది, బయటి నుండి ఉపాధ్యాయులను తెచ్చి ఊరుకోలేదు. కొద్దిపాటి అక్షరజ్ఞానం ఉన్న గోండు యువకులనే తీసుకొని ఉపాధ్యాయులుగా తయారు చేశారు. రెండవది, వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. మూడవది, చదువు భూమి నుండి వేరు కాలేదు. గిరిజనులకు పట్టాలిచ్చే పని అదే కాలంలో సాగింది. పట్టా కాగితం చదవగలిగినవాడు తన ఊరిలోనే ఉండటం చిన్న సంగతి కాదు.

అయితే దీనిని ఆదర్శ కథగా మాత్రమే బోధించకూడదు. ఈ పథకం దయ వల్ల పుట్టలేదు, ఒక తిరుగుబాటు తరువాత పుట్టింది. నిర్ణయాధికారం చివరి వరకు ప్రభుత్వానిదే. తరువాతి దశాబ్దాలలో గోండి మాధ్యమం కొనసాగలేదు, భూముల అన్యాక్రాంతం ఆగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూసమస్యలపై సమావేశానికి వచ్చిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపారు. నలభై ఏళ్ళ ఎడంలో జోడేఘాట్, ఇంద్రవెల్లి రెండూ ఒకే జిల్లాలో ఎందుకు జరిగాయో వివరించలేని సేవా విద్య అసంపూర్ణం. అదే సమయంలో, 1987లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉందనీ, 1995లో మరణించిన హైమెండార్ఫ్ అస్థికలను 2012లో ఆమె ప్రక్కనే ఉంచారనీ విద్యార్థులు తెలుసుకోవాలి. పథకం పోయినా, తమతో కాపురముండి తమ భాష నేర్చుకొన్న వారిని ప్రజలు మరచిపోలేదు.

3. ముల్కనూరు, 1956

కరీంనగర్ జిల్లాలో దీనికి భిన్నమైన మార్గం కనబడుతుంది. భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి నాయకత్వంలో సహకార గ్రామీణ పరపతి సంఘం ఏర్పడింది. ఇప్పుడు ఆ ఊరు హనుమకొండ జిల్లాలో ఉంది. రైతుకు అప్పు ఇవ్వడంతో ఆగకుండా ఎరువులు, విత్తనాలు, పంట కొనుగోలు, ధాన్యం మర వంటి పనులను కూడా ఆ సంఘం చేపట్టింది. పంట వేయడం మొదలు అమ్మడం వరకు రైతు వడ్డీవ్యాపారి గడప త్రొక్కనవసరం లేకుండా చేయడమే దాని పద్ధతి. లెక్కలు సభ్యుల సర్వసభ్య సమావేశం ముందుకు వస్తాయి, మిగులులో సభ్యునికి వాటా ఉంటుంది.

1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. దీని క్రింద సహకార సంఘాలు ప్రభుత్వ వాటాధనం, ప్రభుత్వ పెత్తనం లేకుండా పనిచేసుకొనే వీలు కలిగింది. ఈ ప్రాంతంలో పొదుపు సంఘాలలో అనుభవం సంపాదించిన స్త్రీలు ఆ చట్టం క్రింద 2000 సంవత్సరంలో ముల్కనూరు మహిళా స్వకృషి డెయిరీని ప్రారంభించారు. పాలు పోసేవారూ స్త్రీలే, యజమానులూ స్త్రీలే.

ఇది దాతృత్వం కాదు గదా, పాఠ్యప్రణాళికలో దీనికి చోటెందుకని కొందరు అడగవచ్చు. చట్టం దృష్టిలో సహకార సంఘం ధర్మసంస్థ కాదన్నది నిజమే. కాని దానం చేయగలిగినదేమిటో, చేయలేనిదేమిటో ముల్కనూరు ప్రక్కన పెట్టి చూస్తేనే విద్యార్థికి అర్థమవుతుంది. ధర్మసంస్థలో లబ్ధిదారునికి లెక్క అడిగే హక్కు సాధారణంగా ఉండదు. సహకార సంఘంలో సభ్యునికి ఆ హక్కు ఉంది. మా వసతిగృహంలో లేచి అడిగిన ఆ తల్లి సభ్యురాలివలె మాట్లాడింది. మేము మాత్రం ఆమెను లబ్ధిదారుగానే చూశాము.

4. ఈ విద్య ఇతర చోట్ల ఎలా మొదలైంది

మన దేశంలో సమాజసేవను వృత్తివిద్యగా బోధించడం 1936లో బొంబాయిలో మొదలైంది. సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు సహాయంతో ఏర్పడిన ఆ పాఠశాలే తరువాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. దాని మొదటి డైరెక్టరు క్లిఫర్డ్ మాన్షార్ట్ ఒక అమెరికన్ మిషనెరీ. నాగ్‌పాడా కార్మికుల మధ్య పనిచేసిన అనుభవం నుండి ఆయన ఆ విద్యకు రూపమిచ్చారు.

దాతృత్వాన్ని ఒక ప్రత్యేక శాస్త్రంగా బోధించడం అమెరికాలో బలపడింది. ఇండియానా విశ్వవిద్యాలయంలో 1987లో దాతృత్వ అధ్యయన కేంద్రం, 2012లో ప్రత్యేక కళాశాల ఏర్పడ్డాయి. అక్కడి పాఠ్యప్రణాళికలో చరిత్ర, నీతిశాస్త్రం, నిధుల సేకరణ, సంస్థల నిర్వహణ కలిసి ఉంటాయి. నేర్చుకోదగినది చాలా ఉంది. అయితే గొప్ప ధనవంతులు నెలకొల్పిన ఫౌండేషన్లు అక్కడి చరిత్రలో పెద్ద అధ్యాయం. మన జిల్లాలలో దొరల గడీ, వెట్టిచాకిరీ, పండుగనాటి ఇనాము ఒకే ప్రాంగణంలో ఉండేవి. ఇచ్చే చేయి, వెట్టి చేయించుకొనే చేయి ఒక్కటే అయిన చోట, ఆ సిలబస్‌ను తెలుగులోకి మార్చుకొంటే సరిపోదు.

5. పాఠ్యప్రణాళికకు ఒక ప్రతిపాదన

మూడు సంవత్సరాల డిగ్రీగా దీనిని ఊహించుకొందాము. కరీంనగర్‌లో 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలుగాని, మన వేదాంత కళాశాలలుగాని దీనిని తమ వీలును బట్టి మలచుకోవచ్చు.

మొదటి సంవత్సరం చరిత్రకు, గ్రామానికి చెందాలి. అన్నదానం, ధర్మశాల, జకాత్, వక్ఫు, పిడికెడు బియ్యం ఇవన్నీ ఈ నేలమీది దాన సంప్రదాయాలే. వాటి ప్రక్కన మార్లవాయి, ముల్కనూరు వివరంగా చదవాలి. విద్యార్థి కొన్ని వారాలు ఒక ఊరిలో ఉండాలి. ఆదిలాబాద్ విద్యార్థికి గోండిగాని కొలామిగాని పరిచయం కావాలి.

రెండవ సంవత్సరం చట్టానికి, లెక్కలకు చెందాలి. తెలంగాణలో సొసైటీల నమోదు 1350 ఫస్లీ నాటి చట్టం నుండి 2001 చట్టానికి ఎలా మారిందో తెలియాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 1976లో వచ్చింది, 2010లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 2020 సవరణ పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుండి 20 శాతానికి తగ్గించింది, విదేశీ విరాళాన్ని ఒక సంస్థ మరొక సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. పెద్ద సంస్థ ద్వారా సహాయం పొందే చిన్న పరిచర్యలకు ఆ దారి మూసుకుపోయింది. మరొక ప్రక్క, 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ నిర్ణీత స్థాయి కంపెనీలు మూడేండ్ల సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలని చెబుతోంది. సింగరేణి గనులు, రామగుండం విద్యుత్కేంద్రం ఉన్న ఈ ప్రాంతంలో ఆ సొమ్ము ఎవరి మాట విని ఖర్చవుతుందో అడగగల యువతీయువకులు కావాలి. రోకడి పుస్తకం, ఆడిట్ నివేదిక చదవడం ప్రతి విద్యార్థికీ రావాలి. వాటిని నిరక్షరాస్యులైన సభ్యులకు వారి మాటలలో వివరించడమే ఈ పేపరుకు పరీక్షగా పెట్టాలి.

మూడవ సంవత్సరంలో నీతిశాస్త్రం, క్షేత్ర పని, చివరగా "ముగించడం" అనే ఒక పేపరు ఉండాలి. సహాయం ఆగిపోయినప్పుడు ప్రజలకు ఎప్పుడు చెప్పాలి, ఆస్తులు ఎవరికి అప్పగించాలి, పిల్లల చదువు మధ్యలో ఆగకుండా ఏమి చేయాలి? సంస్థలను ప్రారంభించడానికి శిక్షణలు ఎన్నో ఉన్నాయి. మూసేటప్పుడు ఎలా ప్రవర్తించాలో నాకెవరూ నేర్పలేదు.

డిగ్రీ పెడితే సేవ ఉద్యోగమైపోతుందని కొందరు సహోదరుల భయం. ఆ భయంలో నిజం ఉంది. కాని శిక్షణ లేని సేవ పవిత్రంగా ఉంటుందనుకోవడం పొరపాటు. పౌలు యెరూషలేము పరిశుద్ధుల కొరకు పోగుచేసిన చందాను తానొక్కడే తీసుకొని వెళ్ళలేదు. సంఘాలు ఏర్పరచిన మనుష్యులను వెంటబెట్టుకొన్నాడని 2 కొరింథీ 8వ అధ్యాయం చెబుతుంది. అపొస్తలుడే అంత జాగ్రత్త పడితే మనమెంత!

ముగింపు

సహాయం వెనుక ఉన్న ఫిర్యాదును వినకపోతే ఏమవుతుందో ఇంద్రవెల్లి చూపింది. సామాన్యులు తమ సంస్థకు తామే యజమానులు కాగలరని ముల్కనూరు చూపింది. పిడికెడు బియ్యం పేదరాలిని దాతగా నిలబెట్టింది. ఈ చరిత్ర పాఠ్యప్రణాళికలోకి రావాలంటే ముందుగా ఆధారాలు నిలవాలి. కాబట్టి ఈ పత్రిక చదివే కాపరులకు, విద్యార్థులకు రెండు మనవులు. మీ పాస్టరేట్‌లో పాత కానుకల పుస్తకాలు, పిడికెడు బియ్యం లెక్కలు, వసతిగృహ రిజిస్టర్లు ఏ పెట్టెలోనైనా మిగిలి ఉంటే వాటిని చెదలకు వదలకండి, ఒక కళాశాల గ్రంథాలయానికి చేర్చండి. రెండవది, ఈ సంవత్సరం మీ సంఘపు లెక్కను తెలుగులో, అందరి ఎదుట, నెమ్మదిగా చదివి వినిపించండి. వెనుక వరుసలో ఒక తల్లి లేచి ప్రశ్న అడిగితే ఆమెను కూర్చోమనకండి. నేను ఆ రోజు ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. మీరు చెప్పగలగాలి.