నిర్మూలన తర్వాత మిగిలినవాళ్ళు

మన దేశంలో పోలియో చరిత్రను సాధారణంగా రెండు తేదీలతో ముగిస్తారు. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పసిపాపకు కాలు పడిపోయింది. సహజ పోలియో వైరస్‌కు సంబంధించి ఇక్కడ నమోదైన చివరి కేసు అదే. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితమని ధ్రువీకరించింది. 1995లో పల్స్ పోలియో దేశమంతటా మొదలైన నాటి నుంచీ చుక్కల మందు డబ్బా భుజాన వేసుకుని వీధివీధీ తిరిగిన అంగన్‌వాడీ కార్యకర్తలు, ఏఎన్ఎంలు, ఆ తర్వాత వచ్చిన ఆశా కార్యకర్తలు - ఈ విజయం చాలావరకు స్త్రీల కాళ్ళ మీద నడిచొచ్చింది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే వైరస్ చరిత్ర ముగిసినచోట మనుషుల చరిత్ర ముగిసిపోదు. చుక్కల మందు తమదాకా రాకముందే పోలియో సోకిన పిల్లలు ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో, అరవైల్లో ఉన్నారు. వాళ్ళలోని స్త్రీల గురించి వెతకబోతే నాకు మొదట ఎదురైంది వైద్యులెవరూ కాదు, ఒక పత్రికా సంపాదకురాలు.

ఆమె పేరు జినీ లారీ. 1913లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టింది. అంతకు ముందు సంవత్సరం వచ్చిన పోలియో ఆమె తోబుట్టువులను బలి తీసుకుంది. చనిపోయిన అక్కల పేర్లే ఆమెకు పెట్టారు. పెద్దయ్యాక క్లీవ్‌లాండ్‌లో ఐరన్ లంగ్ అనే శ్వాసయంత్రంలో పడుకుని బతుకుతున్న పోలియో రోగుల వార్డులో స్వచ్ఛందంగా పనిచేసింది. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయాక ఒకరి కబురు ఒకరికి అందేందుకు 1958లో ఒక చిన్న పత్రిక మొదలైంది. 1970 నుంచి దాని పేరు 'రిహాబిలిటేషన్ గెజిట్'. ఆ పత్రికలో రోగులే రాసేవారు. వీల్ చెయిర్‌లో ఉండి వంట ఎలా చేసుకోవాలి, పిల్లల్ని ఎలా పెంచాలి, ఉద్యోగం ఎలా వెతుక్కోవాలి అన్నవే అందులోని విషయాలు.

కొన్నేళ్ళు గడిచాక పాఠకుల నుంచి మరో రకం కబుర్లు రావడం మొదలైంది. ముప్పై ఏళ్ళుగా నిలకడగా ఉన్న కాలు మళ్ళీ బలహీనపడుతోంది, తట్టుకోలేని అలసట, కొత్తగా నొప్పులు, చలికి ఓర్వలేకపోవడం. వైద్యుల దగ్గరికి వెళితే వయసంటారు, లేదా మనసులోని దిగులంటారు. నిజానికి పారిస్‌లో రేమండ్, షార్కో అనే వైద్యులు 1875లోనే ఇలాంటి రోగిని గురించి రాశారు. వైద్యశాస్త్రం దాన్ని మరిచిపోయింది. 1981లో చికాగోలో జినీ లారీ పోలియో రోగులనూ, వైద్యులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి సదస్సు జరిపింది. 1983లో సెయింట్ లూయిస్‌లో మరొకటి జరిగింది. 1984లో పోలియో దీర్ఘకాల ప్రభావాల మీద వచ్చిన కరదీపికను వైద్యుల కోసమూ, పోలియో సోకి బతికినవారి కోసమూ కలిపి తయారుచేశారు. ఇవాళ మనం పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటున్నది వైద్యగ్రంథాల్లో స్థిరపడడం వెనక రోగుల ఉత్తరాలున్నాయి, ఒక స్త్రీ సంపాదకత్వం ఉంది.

వాళ్ళ ఒంట్లో జరుగుతున్నదేమిటో కూడా చెప్పుకోవాలి. పోలియో వైరస్ వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలను చంపేస్తుంది. చావకుండా మిగిలిన కణాలు కొత్త చిగుళ్ళు వేసి, దిక్కులేకుండా పోయిన కండరపు పోగులను కూడా తామే పోషిస్తాయి. ఒక కణం నాలుగు కణాల పని చేస్తుంది. పిల్ల లేచి నిలబడిందని ఇంట్లో సంబరపడతారు. పదిహేను నుంచి నలభై ఏళ్ళు గడిచాక ఆ అదనపు చాకిరీ మోయలేక కణాలు చిగుళ్ళను వదిలేస్తాయి. వైరస్ తిరిగి రావడం వల్ల జరిగేది కాదిది. దీన్ని తేల్చే ప్రత్యేక పరీక్ష లేదు, మిగతా కారణాలన్నీ కావని తేల్చుకున్నాకే ఈ పేరు పెడతారు. నయం చేసే మందు కూడా లేదు. ప్రధానమైన సలహా ఒక్కటే: శ్రమను తగ్గించుకోండి, అలసటకు ముందే ఆగండి.

ఈ సలహా నేను చెవులారా విన్నది విశాఖపట్నంలో, పోలియో సోకినవారి ఆరోగ్యం మీద జరిగిన ఒక పూట సమావేశంలో. దాన్ని ఎవరు జరిపారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. భీమిలి నుంచి మా పిన్నిని తీసుకుని వెళ్ళాను. వేదిక ఎక్కడానికి నాలుగు మెట్లున్నాయి, ర్యాంపు లేదు. అందువల్ల ఎవరి కోసం సభ జరుగుతోందో వాళ్ళు కింద ఉండి మాట్లాడారు, తక్కినవాళ్ళు పైన ఉండి విన్నారు. ముందుగా మాట్లాడిన మగవాళ్ళు పింఛను, సర్టిఫికెట్టు, మూడు చక్రాల బండి గురించి మాట్లాడారు. అవన్నీ న్యాయమైన విషయాలే. భోజనాల తర్వాత ఒకామె మైకు అడిగి తీసుకుని, పొద్దుట్నుంచి మంచినీళ్ళు ముట్టలేదని చెప్పింది. బాత్రూము ఎలా ఉంటుందో తెలియని చోటికి వెళ్ళేటప్పుడు ముప్పై ఏళ్ళుగా తనకదే అలవాటట. ఆ తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. శ్రమ తగ్గించుకోమన్న ఫిజియోథెరపిస్టును మరొకామె అడిగింది: "ఏ పని తగ్గించమంటారు సార్? వంటా, నీళ్ళు మొయ్యడమా, అత్తగారి సేవా?" ఆయన దగ్గర జవాబు లేదు. ఆయన్ని తప్పుపట్టను. ఆ జవాబు వైద్యశాస్త్రంలో దొరికేది కాదు.

పోలియో వచ్చిన ఆడపిల్లకు మన ఇళ్ళలో నేర్పే మొదటి పాఠం, ఎవరికీ భారం కాకుండా బతకమని. పెళ్ళి అయితే కృతజ్ఞతగా, కాకపోతే అన్నావదినల ఇంట్లో తిన్న అన్నానికి బదులుగా ఆమె అందరికన్నా ఎక్కువ పనిచేయాలి. అలసట ఆమెకు అనుమతి లేని విషయం. విశ్రాంతి మందైన జబ్బు, విశ్రాంతి తప్పుగా పరిగణించే జీవితంలోకి వచ్చినప్పుడు ఏం జరుగుతుందన్నదే ఆరోజు ఆ హాల్లో వినబడింది.

మా పిన్నికి పోలియో సోకింది 1966లో, ఏడాదిన్నర వయసులో. దేశవ్యాప్త టీకాల కార్యక్రమం మొదలైంది 1978లో, అంటే ఇంకా పన్నెండేళ్ళకు. ఎడమకాలు సన్నబడింది. కుడికాలితో కుట్టుమిషను తొక్కి ఇంటిని నిలబెట్టింది, ఇద్దరు తమ్ముళ్ళను చదివించింది. ఇప్పుడు అరవయ్యో పడిలో, ఇన్నాళ్ళూ 'బాగున్న కాలు' అనుకున్నదే ఆమెను మోయనంటోంది. మోకాలి అరుగుదలని మందులు రాసిచ్చారు, బాగా నడవమన్నారు. నడిచినకొద్దీ ఇంకా కూలబడింది. సమావేశం నుంచి వస్తూ బస్సులో, "ఏటే అమ్మా, పోయిన జబ్బు మళ్ళా వస్తాదేటి?" అని అడిగింది. రాదని, ఆ కాలు ఇన్నేళ్ళూ రెండు కాళ్ళ పని చేసి అలిసిపోయిందని చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే నా బద్ధకం కాదన్నమాట" అంది.

ఆరోజు ఆమె చెప్పిన ఇంకో సంగతి మా అమ్మమ్మ గురించి. జ్వరమొస్తే సూది వేయించిందనీ, ఆ సూదితోనే కాలు పడిపోయిందనీ ఊరంతా అమ్మమ్మను అన్నారట. చనిపోయేదాకా అమ్మమ్మ కూడా అలాగే నమ్మింది. ఇది వట్టి మూఢనమ్మకం కాదు. వైరస్ ఒంట్లో ఉన్న సమయంలో కండరానికి ఇంజెక్షన్ ఇస్తే, ఆ అవయవానికి పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుందని పరిశోధనలు చెప్పాయి. దక్షిణ భారతదేశంలోని అనవసరపు ఇంజెక్షన్ల మీద కూడా అధ్యయనాలు జరిగాయి. కానీ పోలియోను తెచ్చింది వైరస్. దాన్ని మోసింది కలుషితమైన నీళ్ళు, మరుగు కాల్వల్లేని వీధులు. చుక్కల మందు అప్పటికే ప్రపంచంలో ఉంది, మన వీధికి రాలేదు. ఇన్ని కారణాలను దాటుకుని నేరం వచ్చి తల్లి మీద వాలడం వైద్య చరిత్ర కాదు, కుటుంబ చరిత్ర.

విశాఖకు పోలియోతో మరో చరిత్ర ఉంది. డాక్టర్ ఎస్.వి. ఆదినారాయణరావు దశాబ్దాలపాటు ఉచిత పోలియో శస్త్రచికిత్స శిబిరాలు నడిపారు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ముడుచుకుపోయిన కీళ్ళను సరిచేయడం, బలమున్న స్నాయువును బలంలేని చోటికి మార్చడం - ఈ ఆపరేషన్లతో నేల మీద పాకే పిల్లలు క్యాలిపర్లతో లేచి నిలబడ్డారు. అది చిన్న విషయం కాదు. శిబిరం పిల్లను నిలబెట్టగలదు. కానీ నిలబడిన పిల్ల నలభై ఏళ్ళ తర్వాత ఏమైందో కనుక్కోవడం శిబిరం పని కాదు. దానికి కావలసింది సదస్సు, రోగి మాట్లాడితే వైద్యులు రాసుకునే చోటు.

చట్టం కూడా ఆ ఎదిగిన స్త్రీని చూడలేదు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే 2016 చట్టం వాటిని ఇరవై ఒకటి చేసింది. పోలియో అనంతర బలహీనత పేరు ఆ జాబితాలో లేదు, చలన వైకల్యం కిందే లెక్క. నలభై శాతం గీత దాటితేనే సౌకర్యాలు. సదరం శిబిరంలో కొలిచేది ఆరోజు కనబడే కాలును. మధ్యాహ్నానికి కూలబడిపోయే అలసటకు శాతం లేదు. 2011 జనాభా లెక్కల్లో వికలాంగులు 2.68 కోట్లు, అందులో స్త్రీలు 1.18 కోట్లు. వాళ్ళలో ఎందరు పోలియో సోకినవారో ఆ లెక్క చెప్పదు.

మన స్త్రీవాదం మాటేమిటి? చిన్నతనంలోనే పోలియో సోకిన అనితా ఘాయ్ 2003లో వచ్చిన తన పుస్తకంలో వికలాంగ స్త్రీల గురించి రాస్తూ, స్త్రీల ఉద్యమం కూడా తమను పక్కన పెట్టిందని నిలదీసింది. 2024లో ఆమె మరణించింది. ఆ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. శరీరం గురించి, శ్రమ గురించి, మాతృత్వం గురించి తెలుగులో మనం ఎంతో రాసుకున్నాం. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాటంలోని స్త్రీలను వాళ్ళ గొంతుతోనే వినిపించింది. ఆ పద్ధతి మన చేతిలోనే ఉంది. అయినా మనం చర్చించిన స్త్రీ శరీరం ఎక్కువగా రెండు కాళ్ళ మీద నడిచే శరీరమే.

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులను రక్షిత కట్టడాలుగా కాపాడుతున్నారు. మూడు వందల ఏళ్ళ నాటి పేర్లు రాతి మీద చదువుకోవచ్చు. అదే ఊళ్ళో పోలియోతో పెరిగిన స్త్రీల కథ ఎక్కడా నమోదు కాలేదు, వాళ్ళింకా బతికే ఉన్నారు. మన దేశంలో ఈ తరం తర్వాత ఈ అనుభవం చెప్పేవాళ్ళు దాదాపు ఉండరు. ఆ సమావేశంలో కలిసిన ఏడుగురు స్త్రీల మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాను. వాటి ఆధారంగా వాళ్ళూ, ఒక ఫిజియోథెరపిస్టూ కలిసి తెలుగులో ఒక చిన్న పుస్తకం రాయాలని మా ఆలోచన: వంటింట్లో కూర్చుని పని చేసుకోవడం ఎలా, మత్తుమందు ఇచ్చే ముందు పోలియో సంగతి వైద్యుడికి ఎందుకు చెప్పాలి, సదరంలో ఏం అడగాలి. మొదటి అధ్యాయానికి ఏం పేరు పెడదామని అడిగితే మా పిన్ని ఆలోచించకుండా చెప్పింది: "బద్ధకం కాదు."