అరటి గెలలు వేసిన ఓడదారి

న్యూ ఆర్లీన్స్ రేవులో కరీబియన్ విహారానికి ఓడెక్కేవారికి ఆ దారి సరదా కోసమే పుట్టిందనిపించవచ్చు. నిజానికి దాన్ని వేసింది అరటి వ్యాపారం. 1870లో ఓడ కెప్టెన్ లోరెంజో డౌ బేకర్ జమైకా నుంచి 160 గెలలు తెచ్చి జెర్సీ సిటీలో లాభానికి అమ్మాడు. ఆ వ్యాపారం పెరిగి 1899కల్లా యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ వెలిసింది. పచ్చిగా కోసిన కాయ దారిలో మగ్గిపోకూడదు. అందుకే ఆ కంపెనీ ఓడలకు ఎండను తిప్పికొట్టే తెల్లరంగు, అడుగున చల్లటి అరలు, వేళ తప్పని రాకపోకలు. పైఅంతస్తు గదులకు టికెట్లు అమ్మడం ఆ తర్వాతి లెక్క.

1966లో మయామి నుంచి ‘సన్‌వార్డ్’ ఓడ కదిలాకే క్రూయిజ్‌లు మొదలయ్యాయని కొందరి వాదన. భారీ వ్యాపారమైంది అప్పుడే, ఒప్పుకోవాలి. అయితే తెల్ల ఓడ, దారిలో మజిలీలు, తిరిగి అదే రేవు అన్న పద్ధతి అంతకు ముందే స్థిరపడింది. ఆ అరటి వ్యాపారం మూల్యమూ చెప్పాలి: 1928లో కొలంబియాలోని సియెనగాలో సమ్మె కట్టిన యునైటెడ్ ఫ్రూట్ తోటకూలీలపై సైన్యం కాల్పులు జరిపింది.