తిరిగివచ్చు దారి



ఇనుపపిడిని త్రిప్పి మోటారుబండ్లను నడపిన దినములు మీలో పెద్దలు వినియుందురు. ఆ పిడి యెదురుతిరిగి చేతులు విరుగగొట్టెడిది. ఆ యాపద బాపుటకు అమెరికాలో చార్లెస్ కెటరింగు విద్యుత్తుతో త్రిప్పు స్టార్టరును నిర్మింపగా, 1912వ సంవత్సరపు కాడిలాకు బండ్లతో అది వ్యాప్తికి వచ్చెను.

రెండవ ప్రపంచయుద్ధకాలపు విల్లీసు జీపునకు 6 వోల్టుల బ్యాటరీ చాలెను. పిమ్మట ననేకులు పెట్రోలు ఖర్చునకు వెఱచి పాతజీపులలో డీసెలు యంత్రము లమర్చుకొనిరి. డీసెలు యంత్రము గాలిని మిక్కిలి గట్టిగా నొక్కును. దానిని త్రిప్పుటకు 12 వోల్టుల బ్యాటరీయు, లావైన తీగలును వలయును.

దివిసీమలో నొకరాత్రి ప్రసవవేదన పడుచున్న యిల్లాలిని బందరు ఆసుపత్రికి గొనిపోవలసియుండగా, అట్లు యంత్రము మార్చిన జీపు టిక్కుమని యూరకుండెను. దీపములు మాత్రము చక్కగా వెలుగుచుండెను. అందఱును స్టార్టరును నిందించిరి. గుడివాడలో పని నేర్చిన మేస్త్రి యొకడు గేరు తప్పించి, బ్యాటరీ ఎర్తుకొన నుండి యంత్రపు టినుమునకు నేరుగ నొక లావుతీగ తగిలించెను. యంత్రము తక్షణమే తిరిగెను!

యంత్రము రబ్బరుదిమ్మెలపై కూర్చుండును గనుక దానిని చట్రముతో కలుపు ఎర్తుపట్టీ యావశ్యకము. యంత్రము మార్చినవా రా పట్టీని రంగుపై బిగించిరి. సముద్రపు టుప్పుగాలి తక్కినపని చేసెను. దీపముల ఎర్తు చట్రమునకే గనుక వానికి లోటు గలుగలేదు.

కాలువనీరు వచ్చినంతనే పైరు పండదు, మురుగు పోవు దారియు వలయునని మనమెఱుగుదుము. విద్యుత్తునకును తిరిగివచ్చు దారి యుండవలెను. యంత్రము మార్చించినవారు ముందుగా దానినే చూచుకొందురుగాక!