పొరుగువాడు ఎవరు? - మదనపల్లె ప్రాంత చరిత్రలో క్రైస్తవ ప్రేమభావన

క్రైస్తవ గ్రంథాల్లో ప్రేమను గూర్చిన ఆజ్ఞ రెండు దిశల్లో సాగుతుంది. యోహాను సువార్తలో యేసు ఇచ్చిన కొత్త ఆజ్ఞ శిష్యులు ఒకరినొకరు ప్రేమించుకోవడాన్ని గురించినది. అది సంఘం లోపలి బంధం. లేవీయకాండంలో మొదలై సువార్తల్లో తిరిగి వినిపించే ఆజ్ఞ పొరుగువానికి సంబంధించినది. లూకా సువార్తలోని సమరయుని కథ ఈ రెండో ఆజ్ఞకు హద్దు గీయడానికి ఒప్పుకోదు. పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి, గాయపడినవానికి పొరుగువాడుగా నిలిచినదెవరన్న ఎదురు ప్రశ్నే సమాధానమయింది.

ఇక్కడ అనువాద సమస్య ఒకటుంది. తెలుగు బైబిలులోని ‘పొరుగువాడు’ స్థలవాచి. ‘ఇరుగుపొరుగు’ అన్న జంటపదం నుండి దానిని విడదీయలేము. తమిళ బైబిలు ఇదే ఆజ్ఞలో ‘ఇతరుడు’ అన్న అర్థమిచ్చే ‘పిఱన్’ శబ్దాన్ని గ్రహించింది. ఊరూ వాడా వేరువేరుగా ఉన్న సమాజంలో ఇంటిపక్కన ఉండేది చాలావరకు సొంత కులమే. కనుక తెలుగు మాట ఎంత సుబోధకమో, ఆజ్ఞ అంత ఇరుకైపోయే ప్రమాదమూ ఉంది.

తెలుగు, తమిళ ప్రాంతాలు రెండింటా పనిచేసిన ఆర్కాటు మిషన్‌ను 1853లో స్కడ్డర్ సోదరులు స్థాపించారు. 1863లో మదనపల్లెకు వచ్చిన జేకబ్ చేంబర్లెన్ వైద్యుడు, బోధకుడు కూడా. వైద్యం సువార్తకు ద్వారం తెరుస్తుందని మిషనరీలు దాచకుండానే చెప్పుకున్నారు. ప్రతిఫలం కోరని పొరుగుప్రేమకూ మతవ్యాప్తి ఆశయానికీ మధ్య ఉన్న ఈ ఘర్షణను స్తుతిపాఠాలు దాటవేస్తాయి, నిందావాక్యాలు మాత్రమే పట్టుకుంటాయి.

ఆ ఘర్షణకు కొంత భిన్నమైన రూపం ఆరోగ్యవరం. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ ఆధ్వర్యంలో 1915లో మదనపల్లె సమీపాన ‘యూనియన్ మిషన్ టీబీ శానిటోరియం’ ప్రారంభమయింది. (మదనపల్లె అనగానే 1919 నాటి రవీంద్రుని రాక గుర్తుకొస్తుంది గాని, ఈ శానిటోరియం అంతకు ముందుదే.) పేరులోని ‘యూనియన్’ గమనించదగినది: వేర్వేరు సంప్రదాయాల ప్రొటెస్టంటు మిషన్లు కలిసి దీనిని నడిపాయి. సిద్ధాంత భేదాలున్న విశ్వాసులు ఒకరినొకరు భరించుకోవడం ఇక్కడ ఉపదేశం కాదు, ఉమ్మడి యాజమాన్యం. చికిత్స మాత్రం క్రైస్తవులకే పరిమితం కాలేదు. స్ట్రెప్టోమైసిన్ రాకముందు క్షయకు విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, మంచి గాలి, దీర్ఘకాల పరిచర్య ఇవే ముఖ్య ఆధారాలు. సొంతవారే దూరం పెట్టే వ్యాధి అది. ఇరుగుపొరుగు వెనుదీసిన చోట ‘పొరుగువాడు’ స్థలవాచిగా మిగలడానికి వీలులేదు.

స్థలనామంలోనూ ఒక విశేషముంది. ‘ఆరోగ్యవరం’ అన్న పేరులో ఏ పరిశుద్ధుని పేరూ, ఏ మిషనరీ పేరూ లేదు. అన్నవరం వంటి తెలుగు ఊళ్ల పేర్ల వరుసలో అది ఇమిడిపోతుంది.

భారతదేశంలో బీసీజీ టీకా 1948లో మొదట మదనపల్లెలోనే వేశారు. 1950లో చుట్టుపక్కల గ్రామాల్లో టీకా ప్రభావంపై అధ్యయనం ఆరంభమయింది. రోగి శానిటోరియానికి నడిచివచ్చిన దారిలోనే, ఇంకా జబ్బుపడని గ్రామస్థుల ఇళ్లకు వైద్య సిబ్బంది ఎదురు నడిచారు.