సంవర్గమానం: ఒక ప్రశ్న చరిత్ర

పాఠశాలలో సంవర్గమానాలను నేర్చుకొనే క్రమం ఒకటి. అవి చరిత్రలో అవతరించిన క్రమం వేరొకటి. విద్యార్థి మొదట ఘాతాంకాలను అభ్యసిస్తాడు. మూడు రెండ్లను గుణిస్తే 8 వస్తుందనీ, కనుక 8 రెండుకు మూడవ ఘాతమనీ తెలుసుకుంటాడు. పిమ్మట ఆ మాటనే తిరగవేసి, 2 ఆధారంగా 8కి సంవర్గమానం 3 అని వల్లిస్తాడు. ఈ నిర్వచనం నిర్దుష్టమైనదే. కాని అది ఏ అవసరం నుండి పుట్టినదో తెలియనివానికి సంవర్గమానం కేవలం సూత్రాల మూటగా మిగిలిపోతుంది.

ఆ అవసరమంతా 'ఎన్ని మార్లు?' అనే చిన్న ప్రశ్నలో ఇమిడి ఉన్నది. భారతదేశంలో ఈ ప్రశ్నను జైన పండితులు చాల ముందుగానే వేసినారు. జీవరాశులను, కాలాన్ని, ఆకాశాన్ని లెక్కింపబూనిన వారికి మహాసంఖ్యలతో పని పడినది. సుమారు 1200 ఏండ్ల క్రిందట వీరసేనాచార్యుడు షట్ఖండాగమానికి రచించిన ధవళ వ్యాఖ్యలో 'అర్ధచ్ఛేదం' అనే భావన ఉన్నది. ఒక సంఖ్యను ఎన్ని మార్లు సగం చేయవచ్చునో ఆ లెక్కయే దాని అర్ధచ్ఛేదం. 32ను సగం చేస్తూ పోతే 16, 8, 4, 2, 1 వస్తాయి. కనుక దాని అర్ధచ్ఛేదాలు ఐదు. మూడవ వంతులకు త్రికచ్ఛేదం, నాల్గవ వంతులకు చతుర్థచ్ఛేదం అనే పేర్లున్నవి. రెండు సంఖ్యల లబ్ధానికి అర్ధచ్ఛేదాలు ఆ సంఖ్యల అర్ధచ్ఛేదాల మొత్తమని కూడ వీరసేనునికి తెలుసు. మూడబిదిరె తాళపత్రాలలో భద్రంగా ఉన్న ఈ గ్రంథం 1939 నుండి హీరాలాల్ జైన్ సంపాదకత్వంలో ముద్రితమైనది.

అంతమాత్రాన వీరసేనుడే సంవర్గమానాలను కనిపెట్టినాడనుట సరికాదు. మహాసంఖ్యల పరిమాణాన్ని గ్రహించుటయే ఆయన ఉద్దేశం; గుణకార శ్రమను తగ్గించుట కాదు. ఆయన పట్టికలను నిర్మించలేదు.

ఆ శ్రమను తగ్గించినవాడు స్కాట్లండు భూస్వామి జాన్ నేపియర్. ఖగోళ గణనలలో పెద్ద సంఖ్యల గుణకారం ఎంతో కాలాన్ని హరించేది. గుణకారాన్ని కూడికగా, భాగహారాన్ని తీసివేతగా మార్చే పట్టికను ఆయన సుమారు ఇరవై ఏండ్లు శ్రమించి 1614లో ప్రకటించినాడు. ఘాతాంకాలను నేడు వ్రాసే పద్ధతి దెకార్త్ గ్రంథంతో 1637లో గాని స్థిరపడలేదు. అనగా బడిలో ముందు వచ్చేది చరిత్రలో వెనుక వచ్చినది. 10 ఆధారంగా గల సంవర్గమానాలను హెన్రీ బ్రిగ్స్ 1624లో పదునాలుగు దశాంశ స్థానాల వరకు గణించి ఇచ్చినాడు. 18వ శతాబ్దిలో సవాయి జయసింహుని ఆస్థాన జ్యోతిషి కేవలరాముడు ఈ విద్యను 'విభాగసారణి' అనే గ్రంథంతో సంస్కృతంలోనికి తెచ్చినాడు. ఘాతాంకమే సంవర్గమానమనే నేటి నిర్వచనాన్ని ఆయిలర్ 1748 నాటి తన గ్రంథంతో సుప్రతిష్ఠితం చేసినాడు.

మన పాఠశాల ఆయిలర్ నిర్వచనాన్ని, నేపియర్ పట్టికను రెంటినీ స్వీకరించినది. వాటి నడుమ ఉన్న ప్రశ్నను మాత్రం విడిచిపెట్టినది. 1970 దశకంలో చేతిలో ఇమిడే గణనయంత్రాలు వ్యాపించిన పిమ్మట పట్టికకు ఆ పూర్వపు అగత్యం తీరిపోయినది. యంత్రాలకు అనుమతి లేని పరీక్షలలో అది నేటికీ ఉపకరిస్తున్నది గాని, సంవర్గమానం నిలిచినది అందువలన కాదు.

నూటికి 8 చొప్పున ఏటేటా చక్రవడ్డీ కట్టే సొమ్ము ఎన్నేండ్లకు రెట్టింపగును? 2కు సంవర్గమానం 0.3010, 1.08కి 0.0334. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే సుమారు 9 ఏండ్లని తేలుతుంది. 1935లో రిక్టర్ ఏర్పరచిన భూకంప మానంలో ఒక్కొక్క అంకె పెరిగినప్పుడు కంపన విస్తృతి పది రెట్లగుటయు ఈ లెక్కయే. 2020లో మహమ్మారి వ్యాపించినప్పుడు రోగుల సంఖ్య ఎన్ని దినాలకు రెట్టింపగుచున్నదో పత్రికలు ప్రకటించినవి. ఆ అంకెను చదివి భయమో ధైర్యమో పొందిన కోట్లాది ప్రజలు, పేరు తెలియకుండానే, సంవర్గమానాన్ని చదివినారు.

తెలుగు పేరులోనే ఈ విషయమంతా సూచితమై ఉన్నది. ఆర్యభటుడు 'సంవర్గ' శబ్దాన్ని గుణకార ఫలితమనే అర్థంలో వాడినాడు. గుణకారాన్ని కొలుచునది సంవర్గమానం. 32ను సగం సగం చేయించి, ఎన్ని మార్లని అడిగిన పిమ్మట ఈ మాటను పలికించే ఉపాధ్యాయుని వద్ద విద్యార్థికి సూత్రాలను కంఠస్థం చేయవలసిన పని చాల తగ్గుతుంది.